ఇంటిపేరు అడిగాక

బిందుమాధవి తోడొస్తానన్నప్పుడే వద్దని ఖండితంగా చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. మొహమాటం అనే జబ్బుకు ఈ దేశంలో ఏ డాక్టరు దగ్గరా మందు దొరకదు.

"వాట్‌ఫర్డ్ దాకా ఒక్కదానివే ఎందుకే? నేనూ వస్తా. ఇవాళ డ్యూటీ రోటాలో నా పేరు లేదు. ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకోనా?" అంది పొయ్యి మీద ఉప్మా కలుపుతూ.

"ఇంటర్వ్యూకి పోతున్నా బిందూ, పేరంటానికి కాదు."

"నేనేమన్నా మాట్లాడతానేంటి? ఓ మూల కూర్చుంటాను. మా అమ్మ పంపిన జంతికలున్నాయి, పెద్దావిడకి పట్టుకెళ్దాం. ఉత్తచేతుల్తో వెళ్తారా ఎవరైనా?"

ఇదీ బిందు. భీమవరం పిల్ల. లండన్ శివారు హౌన్స్‌లోలో మేమిద్దరం ఒకే ఇంట్లో పక్కపక్క గదుల్లో ఉంటున్నాం. నాకు జ్వరం వస్తే డాక్టరు క్లినిక్‌కి నాకంటే ముందు తనే ఫోన్ చేస్తుంది. మంచిది కాదని అంటే నా కళ్ళు పోతాయి. కానీ మంచితనానికీ ఆరా తీయడానికీ మధ్య ఆమెకు గోడ లేదు. ఇంట్లో దిగిన రోజు నుంచీ నా ఇంటిపేరు అడుగుతూనే ఉంది. కె. క్రాంతి అంటే, "కె. అంటే?" అంటుంది. ఊరేదంటే అద్దంకి దగ్గరన్నాను. "దగ్గరంటే?" పల్లెటూరు. "ఊళ్ళో ఎక్కడ?" బస్టాండు పక్కన. మా ఊరికి అసలు బస్టాండే లేదు.

ఎందుకు చెప్పనో దాచిపెట్టి కథ నడపడం నాకిష్టం లేదు. మాది మాలపల్లె. ఇంటిపేరు చెబితే మా జిల్లావాళ్ళు వెంటనే పోల్చుకుంటారు. వేరే జిల్లావాళ్ళు ఊరు, వీధి కూడా అడిగి తీరిగ్గా పోల్చుకుంటారు. మేముండే ఇంటి ఓనరు చలపతి అంకుల్. రీడింగ్ అనే ఊళ్ళో ఐటీ ఉద్యోగం, గదులు మాత్రం "మనవాళ్ళకే" ఇస్తాడు. ఆ "మన"లో ఎంతమంది పడతారో నేనెప్పుడూ అడగలేదు. అడిగితే గది పోతుందేమోనని భయం. ఆ భయం మీద నాకు నిద్రలో కూడా కోపమే.

ఇక నా చదువు సంగతి. విద్యాశాస్త్రంలో మాస్టర్స్ చేస్తున్నాను. థీసిస్ అమెరికాలోని నల్లజాతి కాలేజీల మీద. బానిసత్వం పోయినా తెల్లవాళ్ళ కాలేజీలు గుమ్మం తొక్కనివ్వని కాలంలో నల్లవాళ్ళ కోసం పుట్టిన కాలేజీలవి. ఇవాళ ఏ కాలేజీలోనైనా చేరే వీలున్నా కొందరు పిల్లలు వాటినే ఎందుకు ఎంచుకుంటున్నారన్నది నా ప్రశ్న.

"ఎక్కడి అమెరికా, ఎక్కడి అద్దంకి! వాళ్ళ కాలేజీలతో నీకేం పనే?" అని బిందు చాలాసార్లు అడిగింది.

ఇంట్రెస్టు అన్నాను. మా సూపర్‌వైజర్‌కీ అదే చెప్పాను. అసలు సంగతి ఏమిటంటే, ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా నేను సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివాను. అక్కడ దాదాపు అందరం ఊరవతల పల్లెల పిల్లలమే. సముద్రానికి అవతల కూడా అలాంటి చోట్లు ఉన్నాయని మొదటిసారి చదివినప్పుడు ఒళ్ళు ఝల్లుమంది. విషయాన్ని రెండు చేతులా పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అందుకే కాబోలు, పని చచ్చుగా వచ్చింది. అమెరికాలో ఉన్న ఐదుగురు విద్యార్థులతో వీడియోలో మాట్లాడాను. ఐదుగురూ కాలేజీ కరపత్రం చదివినట్టే మాట్లాడారు. సూపర్‌వైజర్ చదివి పెదవి విరిచింది. "ఇందులో ప్రాణం లేదు క్రాంతీ. మిస్ హార్డవే ఒప్పుకుంటే నిలబడుతుంది. లేకపోతే వచ్చే ఏడు మళ్ళీ మొదలుపెట్టాలి" అంది. వచ్చే ఏడు అంటే నా వీసా ఊరుకోదు. మూడు వారాల్లో థీసిస్ ఇవ్వాలి. మిస్ హార్డవే తప్ప నాకు వేరే దిక్కు లేదు.

మిస్ లూసిల్ హార్డవే అలబామాలో పుట్టి, పైన్ హాలో అనే చిన్న నల్లజాతి కాలేజీలో చదివి, పెళ్ళి చేసుకుని వాట్‌ఫర్డ్ వచ్చి, ఇక్కడి బడిలో లెక్కల టీచరుగా రిటైరైన మనిషి. పెళ్ళయినా పేరు మార్చుకోలేదట. భర్త పోయి చాలాకాలమైంది. ఒంటరిగా ఉంటుంది.

రైళ్ళు మారి మారి వెళ్ళాం. ఎక్కడా కుదురుగా కూర్చోలేకపోయాను. సీటు దొరికినా లేచి నిలబడ్డాను, నిలబడితే కాళ్ళు లాగి మళ్ళీ కూర్చున్నాను. ఫోన్‌లో రికార్డింగ్ పనిచేస్తుందో లేదో చూసిందే చూశాను. బిందు నా ప్రశ్నలు లాక్కుని చదివింది.

"మొదటిది బాగుందే. మనిషిని దగ్గరకు తీసుకున్నట్టుంది" అంది.

మొదటిది మాట కలపడానికి పెట్టుకున్న ప్రశ్న. జవాబు కోసం తడుముకోనక్కర్లేని తేలిక ప్రశ్నతో మొదలుపెట్టమని సూపర్‌వైజర్ చెప్పింది. అలాగే రాసుకున్నాను.

మిస్ హార్డవే తలుపు తీసింది. పొడుగ్గా, నిటారుగా ఉంది. ఈ వయసులో ఆ వీపు అలా ఎలా నిలబడిందోననుకున్నాను. నన్ను "మిస్ క్రాంతి" అని పలకరించి, బిందు పేరు కూడా అడిగి, నోరు తిరిగేదాకా రెండుసార్లు పలికి, "మిస్ బిందుమాధవి" అంది. బిందు మురిసిపోయింది. ఇంటర్వ్యూకి మూడో మనిషిని తెచ్చినందుకు క్షమించమన్నాను.

"తోడు తెచ్చుకోవడం తప్పెందుకవుతుంది? రండి."

జంతికలు ప్లేటులో పెట్టి, ఒకటి కొరికి, గట్టిగా ఉన్నాయి గానీ బాగున్నాయంది. టీ ఇచ్చింది. తను తలుపు పక్కనున్న కుర్చీలో కూర్చుంది. బిందు మాటిచ్చినట్టే మూలన సోఫాలో సర్దుకుంది. నేను ఫోన్ బల్ల మీద పెట్టి, రికార్డింగ్ నొక్కి, గొంతు సవరించుకుని మొదటి ప్రశ్న చదివాను.

"ముందుగా మీ ఇంటిపేరు ఎక్కడి నుంచి వచ్చిందో, మీ సొంత ఊరేదో చెబుతారా?"

ఆమె చెయ్యి చాపి, నా ఫోన్‌లో రికార్డింగ్ తనే ఆపేసింది. ఎలా ఆపాలో నన్నడగలేదు.

"హార్డవే అనేవాడు మా ముత్తాతను కొన్నాడు. కంచరగాడిదలతో, నాగళ్ళతో కలిపి కొన్నాడు. పేరు అలా వచ్చింది" అంది. గొంతు పెంచలేదు. "విడుదలయ్యాక చాలామంది ఆ పేర్లు వదిలించుకున్నారు. మా ముత్తాత వదల్లేదు. అంతకుముందే అమ్మేసిన అన్నదమ్ములు ఎప్పుడైనా వెతుక్కుంటూ వస్తే ఆ పేరుతోనే వెతుకుతారని."

"వచ్చారా?" అంది బిందు, ఉండబట్టలేక.

"లేదు. ఇక సొంత ఊరు అడిగావు కదా. ఆ హార్డవే పొలాలే మా ఊరు."

ముఖాన నీళ్ళు కొట్టినట్టయింది. ఆ ప్రశ్న రాసుకున్నప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. నమ్మండి. ఏ మనిషితోనైనా మాట అలాగే మొదలవుతుందని నాలో ఎవరో అనుకున్నారు, నేను రాశాను. రైల్లో చదివిన బిందుకూ తప్పనిపించలేదు. ఆ ఒక్క ప్రశ్న తప్పించుకోవడానికి లేని బస్టాండు కట్టుకున్న మనిషిని, దాన్నే తీసుకొచ్చి ఒక పెద్దావిడ ముందు పెట్టాను. దీపం కిందే చీకటంటారు, అది నాకు సరిపోయింది. నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు.

"క్షమించండి. రెండో ప్రశ్న అడుగుతాను" అన్నాను.

"ఆగు. మీ దేశంలో ఇది తేలిక ప్రశ్నా?"

"అవును మేడమ్," అంది బిందు. "మా దగ్గర అందరూ అడుగుతారు. ఎవరి పిల్లో తెలుసుకోవడానికి. అదో చనువు, అంతే."

"నేను మిస్ క్రాంతిని అడిగాను." కటువుగా అనలేదు, వెనక బెంచీ పిల్లను కూర్చోమన్నట్టు అంది. బిందు చప్పున ఊరుకుంది. "ఎవరు ఎవర్ని అడుగుతారు? అడిగాక ఏం చేస్తారు?"

నా కాలు దానంతటదే ఊగడం మొదలుపెట్టింది. చేత్తో పట్టుకున్నాను, ఆగలేదు. అబద్ధాలు సిద్ధంగానే ఉన్నాయి. ఏళ్ళ తరబడి వాడి వాడి నున్నగా అరిగిన అబద్ధాలు. ఒకటి తీసి చెబితే పోయేది. కానీ ఆమె నా ముఖంకేసి చూస్తోంది, ముప్పై ఏళ్ళు పిల్లల లెక్కల్లో తప్పులు పట్టిన కళ్ళతో. అటు మూలన బిందు. ఉన్న ఊరును, వీధిని ఇన్నాళ్ళూ ఏ మనిషి నుంచి దాచానో ఆ మనిషే నా వెంట జంతికలు పట్టుకొచ్చి కూర్చుంది.

"చూడమ్మా," అంది మిస్ హార్డవే. "నా కథ పట్టుకెళ్ళినవాళ్ళు చాలామంది. టేపులతో వచ్చారు, కెమెరాలతో వచ్చారు. వాళ్ళెవరో, నా మాటలతో వాళ్ళకేం పని పడిందో నాకిప్పటికీ తెలియదు. ఇంకోసారి అలా ఇవ్వను. నీకు ఇది ఎందుకు కావాలో చెప్పు. లేకపోతే టీ తాగి వెళ్ళండి. నాకు కోపమేం ఉండదు."

వెళ్ళిపోవడమంటే థీసిస్ పోవడమే. అది తెలుసు. కానీ నోరు తెరిపించింది థీసిస్ కాదనుకుంటాను. ఎవరో ఒకరు "అడిగాక ఏం చేస్తారు" అని అడగడం నా బతుకులో అదే మొదటిసారి.

"గ్లాసు మారుస్తారు," అన్నాను. ఇంగ్లీషులోనే అన్నాను, గొంతు మాత్రం మా ఊరిదే వచ్చింది. "ముందు ఇంటిపేరు అడుగుతారు. ఆ తర్వాత ఊరు. ఆ తర్వాత ఊళ్ళో ఎటువైపు అని. మాది ఊరవతల పల్లె. అది తెలిశాక మాట మారదు, నవ్వు కూడా మారదు. మంచినీళ్ళు మాత్రం వేరే గ్లాసులో వస్తాయి. కొన్నిచోట్ల అసలు రావు. ఇంజనీరింగ్‌లో ఒక స్నేహితురాలి ఇంట్లో నేను తాగిన గ్లాసు వాళ్ళమ్మ పెరట్లో విడిగా కడిగి బోర్లించింది. నేను చూడలేదనుకుంది."

సోఫా కిర్రుమంది. అటు చూడలేదు.

"నేను చదివిన బడి ప్రభుత్వం మాలాంటి పిల్లల కోసం పెట్టింది. చేరిన మొదటి రోజు అన్నం తింటుంటే పక్కనున్న పిల్ల నా కంచంలోంచి కూర తీసుకుని తినేసింది. అడగను కూడా అడగలేదు. ఏడుపొచ్చింది, కూర పోయినందుకు కాదు. ఇంటర్ అయ్యేదాకా అక్కడ ఎవరూ నన్ను ఎవరి పిల్లవని అడగలేదు. బయటికొచ్చాక అందరూ అడుగుతున్నారు. లండన్ వచ్చినా అడుగుతున్నారు. మీలాంటి కాలేజీలో పిల్లలు ఎందుకు చేరతారో నాకు తెలుసు. అది నా ప్రశ్న కాదు. అలాంటి చోటు నుంచి బయటికొచ్చాక మనిషి ఎలా బతుకుతుందో నాకు తెలియడం లేదు. అది అడగడానికి వచ్చాను."

మొత్తం చెప్పేశాక సంతోషం లాంటిదేమీ కలగలేదు. ఇంటికెళ్ళాక ఏమవుతుందోనన్న దిగులే ముందు వచ్చింది.

మిస్ హార్డవే తనే రికార్డింగ్ నొక్కింది.

"మా కాలేజీలో మొదటి రోజు రిజిస్ట్రార్ గదిలోకి వెళ్ళాను. 'మిస్ హార్డవే, కూర్చోండి' అన్నాడాయన. నేను వెనక్కి తిరిగి చూశాను, నా వెనక ఎవరైనా తెల్లామె వచ్చిందేమోనని. పదిహేడేళ్ళు వచ్చాయి, అప్పటిదాకా నన్నెవరూ మిస్ అనలేదు. అక్కడ నాలుగేళ్ళు కుర్చీకి వీపు వాల్చి కూర్చున్నాను."

"ఇక్కడికొచ్చాక?"

"ఇక్కడ స్టాఫ్‌రూములో కుర్చీ అంచున కూర్చున్నాను, రిటైరయ్యేదాకా. చాలామంది నన్నేమీ అనలేదు. మంచివాళ్ళే. కానీ ఎప్పుడంటారోనని ఎదురుచూడటమే ఒక ఉద్యోగమమ్మా. లెక్కలు చెప్పడం దాని పక్కన చేసిన పని."

"మరి ఎలా తట్టుకున్నారు?"

ఆమె నవ్వింది. "తట్టుకున్నానని నీకెవరు చెప్పారు? సొంత ఇంట్లో తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను, కనపడటం లేదా? ఒక్కటి మాత్రం చేశాను. నా బడిలో ప్రతి పిల్లనూ మిస్ అన్నాను, ప్రతి పిల్లాణ్ణీ మిస్టర్ అన్నాను. అల్లరి చేసినవాణ్ణి కూడా. కొందరు నవ్వేవాళ్ళు. కొందరు మాత్రం వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. వాళ్ళను గుర్తుపెట్టుకునేదాన్ని."

ఆ తర్వాత నా ప్రశ్నలతో పనిలేకపోయింది. సాయంత్రం దాకా మాట్లాడింది. పైన్ హాలో వంటశాల గురించి, గొడుగుతో గోడ మీద కొట్టి ఆల్జీబ్రా చెప్పిన ప్రొఫెసరు గురించి, తెల్లవాళ్ళ యూనివర్సిటీలో సీటొచ్చి చేరి ఏడాదికే తిరిగొచ్చిన చెల్లెలి గురించి. అంగీకారపత్రం మీద సంతకం పెట్టి, పెన్ను నాకిచ్చి, "రాసింది నాకు చూపించు. నీ సంగతి కూడా అందులో ఉండాలి. లేకపోతే నాది తీసేయ్" అంది.

థీసిస్ నిలబడింది. గేటు దాటాక నాకు ఎగిరి గంతెయ్యాలనిపించాలి కదా. బిందు నా పక్కన ఖాళీ జంతికల డబ్బా పట్టుకుని నడుస్తోంది. స్టేషన్ దాకా ఒక్కమాట లేదు. నోరు మూతపడని మనిషి మూసుకుంటే రోడ్డు ఎంత పొడుగవుతుందో ఆ రోజు తెలిసింది.

రైలెక్కాక, హ్యారో స్టేషన్ దాటాక అంది. "నేనెవరికీ చెప్పనులే క్రాంతీ. చలపతి అంకుల్‌కి అసలు చెప్పను. ఒట్టు." నెత్తి మీద చెయ్యి కూడా పెట్టుకుంది.

"ఎందుకు చెప్పవు? నేనేం దొంగతనం చేశానని దాస్తావు?"

"అది కాదే. నీకు ఇబ్బందవుతుందని."

"ఇబ్బంది నాకెందుకవుద్ది? అడిగినోళ్ళకు కదా అవ్వాల్సింది?"

"నాకలాంటి పట్టింపులేం లేవు. నీకు తెలుసు కదా."

"పట్టింపు లేకపోతే దిగిన రోజు నుంచి ఎందుకడిగావు బిందూ?"

ఎదురు సీట్లో పాప తల తిప్పి చూసింది. బిందు ముఖం ఎర్రబడింది. కిటికీలోంచి చూస్తూ చాలాసేపు ఆలోచించింది. సర్దిచెప్పే మాట కోసం వెతుకుతోందనుకున్నాను. కాదు.

"తెలీదే. నిజంగా తెలీదు. మా ఇంట్లో ఎవరొచ్చినా అమ్మ అదే అడిగేది. నేనూ అడిగాను," అంది. మళ్ళీ తనే అంది. "నువ్వు కిచెన్‌లో గ్లాసులు ముట్టుకోవు. నీ స్టీలు గ్లాసు నీ గదిలోనే పెట్టుకుంటావు, తాగి నువ్వే కడుక్కుంటావు. శుభ్రం ఎక్కువేమో అనుకున్నాను. అందరితో అన్నాను కూడా, క్రాంతికి మహా శుభ్రం అని. అది… ఇందుకేనా?"

దానికి నా దగ్గర కోపం లేదు. ఉన్నదంతా ఎటో పోయింది. "వేరేవాళ్ళు విడిగా పెట్టేదాకా ఎందుకు? నేను పెట్టుకుంటే నొప్పి తక్కువ," అన్నాను. బిందు కళ్ళు తుడుచుకుంది. నేను ఓదార్చలేదు.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. ఎండాకాలం ఇక్కడ పొద్దు ఓ పట్టాన గూకదు. నేను తిన్నగా నా గదికెళ్ళి, స్టీలు గ్లాసు తీసుకొచ్చి, కిచెన్‌లో అందరి గ్లాసులూ ఉండే అర మీద పెట్టాను. పెట్టాక కూడా చెయ్యి వెంటనే రాలేదు. బలవంతాన తీసుకుని కుర్చీలో కూర్చున్నాను.

బిందు చూసింది. ఏమీ అనకుండా టీ పెట్టింది. అల్లం దంచింది, పాలు పొంగితే ఊదింది, పొయ్యి ఆపింది. గిన్నె పట్టుకుని అర దగ్గరికెళ్ళింది. చెయ్యి నా స్టీలు గ్లాసు దాకా వెళ్ళి ఆగింది. అక్కడి నుంచి తను రోజూ తాగే పువ్వుల గ్లాసు మీదికెళ్ళింది. అక్కడా ఆగింది.

"నీకు ఏ గ్లాసులో పొయ్యనే?" అంది, వెనక్కి తిరక్కుండానే.

"నీ ఇష్టం," అన్నాను.

బిందు గిన్నె ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది. కాలు మార్చి నిలబడింది. టీ మీద మీగడ కడుతోంది. నేను కుర్చీకి వీపు వాల్చి కూర్చుని, తను తీసేదాకా చూస్తూ ఉన్నాను.